ఇజాజత్

"నీ నౌకరీ ఏంది బేటా?" అని ఖాలా అడిగితే "చాబీలు పంచుడు, వాపస్ తీసుకునుడు" అంటాను. నవ్వుతుంది గానీ అందులో అబద్ధం లేదు. కంపెనీల కంప్యూటర్లు ఇప్పుడు క్లౌడ్‌లో ఉంటున్నాయి. అక్కడి నెట్‌వర్క్‌లో ఏ దర్వాజా ఎవరు తెరవచ్చు, ఏ గోడ ఎవరు కదపచ్చు అనే హిసాబ్ చూడడమే నా పని.

చాబీ ఇవ్వడం ఆసాన్. వాపస్ తీసుకోవడమే ముష్కిల్.

అమెజాన్ క్లౌడ్‌లో కొత్తగా చేర్చిన యూజర్‌కు మొదట ఏ ఇజాజత్ ఉండదు. మనం రాసిచ్చినంతే హక్కు. ఒక హుకుం "సరే" అని, ఇంకో హుకుం "వద్దు" అని ఉంటే "వద్దు"దే పైచేయి. ఇంత ఎహతియాత్‌తో కట్టిన ఇంటిని మనమే ఖరాబ్ చేసుకుంటాం. రాత్రిపూట ఏదో ఆగిపోతుంది. ఫోన్ మీద ఫోన్. "అరే భాయ్, ఇప్పటికి పూరా ఇజాజత్ ఇచ్చెయ్, పొద్దున తీసేద్దాం" అంటారు. ఆ పొద్దున రానే రాదు. ఒక సర్వర్‌కు 22వ పోర్టు దునియా మొత్తానికి తెరిచి ఉందంటే, దాని వెనకాల ఇట్లాంటి రాత్రి ఒకటి ఉండే ఉంటుంది.

మూడు నెలలకోసారి ఎవరి దగ్గర ఏ ఇజాజత్ ఉందో ఫెహరిస్త్ తీస్తాను. ఈసారి అందులో మా ఉస్తాద్ పేరు కనిపించింది. సబ్‌నెట్ అంటే ఏమిటో, రూట్ టేబుల్ ఎట్లా చదవాలో నాకు నేర్పిన మనిషి. రెండేళ్ల కింద వేరే టీముకు పోయారు. నెట్‌వర్క్ మొత్తం మార్చగల ఇజాజత్ మాత్రం ఆయన ఖాతాలో అట్లాగే ఉంది. ఆఖరుసారి వాడి ఏడాది దాటింది.

తీసేసే ముందు ఫోన్ చేశాను. కాసేపు ఖామోష్‌గా ఉండి, "నా మీద షక్ వచ్చిందా బేటా?" అన్నారు.

ఆ మాట గుచ్చుకుంది. మన దగ్గర చాబీ అంటే ఇజ్జత్. బీరువా తాళాలు అత్త కొంగు నుంచి కోడలి కొంగుకు మారిన రోజు ఇంట్లో ఎంత పెద్ద రోజో అందరికీ ఎరుకే. దఫ్తర్‌లోనూ అంతే, ఇజాజత్ తగ్గితే హైసియత్ తగ్గినట్టు అనిపిస్తుంది.

"మీ మీద కాదు జనాబ్, చాబీ మీద" అన్నాను. ఖాతా ఆయనదే అయినా, పాస్‌వర్డ్ దొంగ చేతికి పోతే ఆయన హక్కులన్నీ దొంగవే. ఏ మనిషికైనా, ఏ ప్రోగ్రాముకైనా పనికి కావలసినంత ఇజాజతే ఉండాలని సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే రాసిపెట్టారు. 2019లో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకులో జరిగింది చూడండి. సరిగ్గా అమర్చని ఒక ఫైర్‌వాల్ గుండా ఒకామె లోపలికి వచ్చింది. ఆ ఫైర్‌వాల్‌కు ఇచ్చిన రోల్‌కు డేటా నిల్వలను చూసే, చదివే ఇజాజత్ కూడా ఉంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడు ఆ బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జుర్మానా పడింది. కాపలా కాయాల్సిన దానికి ఖజానా గది చాబీ ఎందుకు?

ఉస్తాద్ అంతా విన్నారు. "మరి నీ పేరో?" అన్నారు.

"మొదట కోసుకున్నది నా ఇజాజతే" అన్నాను. నిజమే. ఇప్పుడు రోజంతా నాకు చూసే హక్కు మాత్రమే. ఏదైనా మార్చాలంటే కారణం రాసి, ఫోనుకు వచ్చిన కోడ్ కొట్టి, ఒక గంటకు రోల్ తీసుకుంటాను. గంట కాగానే అది ఖతమ్. ఆ గంటలో ఏం మార్చానో లాగ్‌లో పడుతుంది.

"అయితే చూసే ఇజాజత్ ఉంచు. కొత్త పిల్లలకు చూపించి చెప్పాలి గదా" అన్నారు. ఉంచాను. మార్చే హక్కు తీసేశాను.

ఈ పనిలో ఉన్న భాయీ బెహనులకు ఒక్క మాట. ఫెహరిస్త్ తీయండి, వాడని చాబీలు వాపస్ తీసుకోండి, దానికి మొహమాటపడకండి. కానీ పెద్దవాళ్ల పేరు కొట్టేసేటప్పుడు మెయిల్ పంపి ఊరుకోకండి. ముందు ఒక ఫోన్ చేయండి.