గాటు పడిన తోక

నేను భీమునిపట్నపు సముద్రతీరమున పుట్టి పెరిగినదానను. అయినను నలువది యేండ్లు దాటువరకు ఏ ప్రాణిని గాని నీటినుండి నా చేతితో తీసి యెరుగను. మా యింట చేపలు పెరటిగుమ్మము కడకే వచ్చెడివి. తట్ట నెత్తిన బెట్టుకొని యొక జాలరి స్త్రీ వచ్చి, గుమ్మమునకు నాలుగడుగుల యెడమున కూర్చుండెడిది. మా నాయనమ్మ చేపలపై చెంబెడు నీళ్లు కుమ్మరించి గాని లోనికి తీసికొనెడిది కాదు. డబ్బులు పైనుండి ఆమె చేతిలో జారవిడిచెడిది. ఆమె వెడలిపోగానే, "ఈ జాతికి మోసము పుట్టుకతోనే వచ్చినది" అనెడిది. నేను ప్రక్కనుండి వినుచుండెడిదానను. ఆ మాట తప్పని నాకెన్నడును తోచలేదు.

ఇప్పుడు మా కాపురము అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రమున, గ్లాస్టరు రేవునకు సమీపమున. గడచిన వేసవిలో మా పొరుగింటి వృద్ధుడు, పూర్వము బడిపంతులుగా నుండినవాడు, తన చిన్న పడవలో నన్నును మా స్నేహితురాలిని లాబ్స్టరుల వేటకు తోడుకొని పోయెను. మన విశాఖతీరమున దొరకు జాతికి ముండ్లమీసములే గాని పెద్ద డెక్కలుండవు. ఇచ్చటి దానికి ముందు రెండు బలమైన డెక్కలుండును; వాటికి రబ్బరుపట్టీ వేయువరకు మన వ్రేళ్లు మనవి కావు. అమ్మకమునకు గాక యింటి తిండికై పట్టుకొనువారికి ఈ రాష్ట్రమున వేరొక అనుమతిపత్రము కలదు. ఒక పత్రమునకు 10 బోనులను మించరాదు. దినమునకు 15 లాబ్స్టరులను మించరాదు. పత్రమును నా పేరనే తీసికొంటిని. మావారు గట్టుననే ధీరులు; పడవ యెక్కినచో వారికి తల తిరుగును.

మేము అయిదు బోనులు మాత్రమే వేసితిమి. బోనెవరిదో తేలియాడు బెండు రంగును బట్టి తెలియవలెను గనుక మా బెండ్లకు పసుపును కుంకుమ యెరుపును పూసితిమి. మొదటి దినమున ఊరవేసిన హెర్రింగు చేపలను ఎరసంచిలో కూరునప్పుడు నాకు వాంతి యగునంత పని యైనది. మూడవ వారమునకు ఆ కంపు నా చేతులను వదలుట మానెను. అంగడిలో డబ్బిచ్చునప్పుడు ఎదుటివారు కొంచెము వెనుకకు జరుగుట గమనించితిని.

బోను నిర్మాణమును గృహిణులు వినవలెను. అది తీగెలతో నల్లిన పెట్టె, లోన గదులుండును. ఎర వ్రేలాడు గదిని వీరు వంటిల్లందురు. దాని వెనుకటిది కూర్చుండు గది. లాబ్స్టరు గరాటువంటి వలదారిని వంటింట ప్రవేశించి, తిని, బయటి త్రోవ వెదకుచు రెండవ గదిలో పడి చిక్కును. వంటింట చొచ్చి వెలికిరాలేని వారిని స్వదేశమున చాలమందిని చూచితిని గనుక ఆ పేరు విని నవ్వితిని. అయితే లాబ్స్టరులు మనకంటె మెలకువ గలవి. న్యూ హ్యాంప్‌షైరు విశ్వవిద్యాలయమువారు బోనునకు కెమెరా కట్టి పరిశీలించి 2001లో ప్రకటించినదాని ప్రకారము, లోనికి వచ్చినవానిలో నూటికి 6 మాత్రమే చిక్కెను; తక్కినవి తప్పించుకొని పోయెను. ఇదిగాక పసివి పోవుటకు బోనులో చిన్న ద్వార ముంచవలెను. త్రాడు తెగి బోను సముద్రపుటడుగున మిగిలిపోయినచో, కొంతకాలమునకు చివికి తెరచుకొను తలుపొకటి కూడ నుండవలెను.

పైకి తీసిన ప్రతిదానిని ఇత్తడి కొలబద్దతో కొలువవలెను. కంటిగుంట మొదలు వీపుచిప్ప చివరివరకు 3¼ అంగుళములు లేనిచో మరల నీటిపాలే. అంత పెరుగుటకు దానికి అయిదారేండ్లు పట్టును. తోకక్రింద గ్రుడ్లున్న ఆడుదానిని ముట్టరాదు. ఆ గ్రుడ్లు ఆవగింజలంతేసి, వేలకొలది, పదినెలల వరకు తల్లినంటియే యుండును. వృత్తిగా వేటాడువారు అట్టిదానిని పట్టినప్పుడు తోకరెక్కలో చిన్న గాటొకటి పెట్టి విడిచెదరు. గ్రుడ్లు రాలిపోయిన పిమ్మటను ఆ గాటు నిలిచియుండును. గాటున్నదానిని ఎవరు పట్టినను విడువవలెను. చిప్ప విడిచినకొలది గాటు పూడుచు వచ్చును. ఎంత పూడినను, ఆనవాలు కనబడినంతవరకు అది గాటే.

ఆగస్టులో ఒకనాడు మా నాలుగవ బోనులో రెండు పౌనుల ఆడుది పడెను. గ్రుడ్లు లేవు. తోకరెక్క అంచున మాత్రము గోరుతో నొక్కినంత పల్లము కనబడెను. ఆ రాత్రి మా యింటికి ఆరుగురు అతిథులు రానుండిరి; బుట్టలో నున్నవి రెండే. వృద్ధుడు వెనుకభాగమున యంత్రముకడ నుండి దూరముగా చూచుచుండెను. నేను తోకను అరచేత మూసి దానిని బుట్టలో వేసితిని. మా స్నేహితురాలు చూచెను. నేను ఆమె చూచుట చూచితిని. ఇరువురమును మాటాడలేదు. ఉడుకునీట దాని చిప్ప ఎర్రబడెను. అల్లము, మిరియములు దట్టించి వండితిని. అతిథులు నా చేతిని మెచ్చుకొనిరి. నేనును తింటిని, రుచిగానే యుండెను. ముద్ద దిగలేదని వ్రాయుట నా కిష్టమే గాని, అది నిజము కాదు.

వారము దినములు గడచిన పిదప ఎరసంచులు కట్టుచు వృద్ధునితో ఆ సంగతి చెప్పితిని. ఆయన కోపపడలేదు. కొంతసేపు సంచి ముడి వేయుచుండి, "ఆ గాటు పెట్టినవాడు ఈ రేవువాడే కావచ్చును. గ్రుడ్లుండినందున అతడు దాని నెటులను అమ్ముకొనరాదు. గ్రుడ్లు పోయిన పిమ్మట మీవంటివారు పట్టకుండుటకే పని ఆపి గాటు పెట్టినాడు" అనెను. తరువాత వాతావరణము గూర్చి మాటాడెను.

జీతములు తినువారము మేము. ఆ గాటు పెట్టినవానికి ఆ బోనులే కూడు. మన తూర్పుతీరమునను ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు, 61 దినములు, మరపడవల వేట నిషిద్ధము. ఆ రెండు మాసములును పడవలు గట్టున గట్టుకొని కూర్చుండువారు ఎట్లు గడపుదురో నేను తీరవాసినియై యుండియు ఎన్నడు నడిగినదానను కాను. మోసము పుట్టుకతో వచ్చినదన్న మాట మాత్రము కంఠస్థమై యున్నది.

సెప్టెంబరులో మరి రెండు గాటుల తోకలు పడెను. ఒకటి స్పష్టమైనది, రెండవదానిని నిర్ణయింపలేక వృద్ధునికి చూపితిని. ఆయన కండ్లద్దములు తీసి తుడుచుకొని చూచి, "మీరే చెప్పుడు" అని నా చేతికిచ్చెను. విడిచితిని.

అక్టోబరు చివర బోనులన్నియు గట్టు కెక్కించితిమి. రైటు తిమింగలములు ఈ సముద్రమున 400కు లోపే మిగిలియున్నవి. అవి త్రాళ్లలో చిక్కుకొనకుండ నవంబరు మొదలు మే నడుమవరకు వినోదపు బోనులు నీట నుండరాదు. బెండ్లు కడిగి పెరటిలో ఆరవేసి, ఆ రాత్రి అమ్మతో ఫోనులో మాటాడితిని. బోనులోని వంటింటి మాట విని అమ్మ కడుపుబ్బ నవ్వెను. గాటుమాట చెప్పుటకు నోరు రాలేదు. మన యింటికి చేపలు తెచ్చెడి ఆమె పేరేమని మాత్రము అడిగితిని. అమ్మ చాలసేపు ఆలోచించెను. ఇరువదియేండ్లు వచ్చినదట, ఆమె పేరు ఎవరు నడిగి యుండలేదట.