వెరీ టైర్డా, టూ టైర్డా?



ఈ నెల ఈ పేజీ రాయమని ప్రిన్సిపల్ మేడమ్ అడిగినప్పుడు, పిల్లలచేత ఇంట్లో ఇంగ్లిష్ ఎలా మాట్లాడించాలో నాలుగు చిట్కాలు రాద్దామనుకున్నాను. కూర్చున్నాక మాత్రం, ఈ ఏడాది నేను చేసిన ఒక తప్పే గుర్తుకొచ్చింది. చిన్నదే, ఒక్క మాట దగ్గర. అయితే ఆ మాట మీ ఇంట్లో కూడా రోజూ సాయంత్రం వినిపిస్తుంది కాబట్టి, చిట్కాల కన్నా ఇదే మీకు పనికొస్తుందేమో అనిపించింది.

నేను ఏడో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. వారానికోసారి పిల్లలచేత ఐదు వాక్యాల డైరీ రాయిస్తాను. జూలైలో ఒక అబ్బాయి నాలుగు వాక్యాల్లో తన రోజంతా రాసి, ఐదోది 'ఐ యామ్ టూ టైర్డ్' అని ముగించాడు. మన పిల్లలు ఈ 'టూ'ని ఎంతగా వాడతారో మీకు తెలియనిది కాదు. సినిమా టూ గుడ్, బిర్యానీ టూ టేస్టీ, ఫ్రెండ్ వాళ్ల కుక్కపిల్ల టూ క్యూట్. నేను టీచర్‌నైన దగ్గర్నుంచీ ఈ 'టూ' మీద ఎర్ర పెన్నుతో పోరాడుతూనే ఉన్నాను. అలవాటుకొద్దీ దాని చుట్టూ సున్నా చుట్టి, పైన 'వెరీ' అని రాసి, కరెక్షన్ ఐదుసార్లు రాసుకు రమ్మన్నాను. మర్నాడు బుద్ధిగా రాసుకొచ్చాడు. టిక్కు పెట్టి ఇచ్చేశాను.

ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. వాళ్లమ్మగారు నోట్‌బుక్ తిరగేస్తూ ఆ పేజీ దగ్గర ఆగారు. "నేను తెలుగు మీడియం మేడమ్, ఏమీ అనుకోకండి. ఈ రెండిటికీ తేడా ఏంటి? రెండూ చాలా అనే కదా?" అని అడిగారు.

కాదండీ అన్నాను. వెరీ అంటే చాలా. టూ అంటే మరీ. కూర చాలా కారంగా ఉందని, లొట్టలేసుకుని తింటూ కూడా అనొచ్చు. మరీ కారంగా ఉందన్నామంటే మాత్రం ఇక తినలేక పక్కన పెడుతున్నామని. వెరీ, ఎంత ఉందో చెప్పి ఊరుకుంటుంది. టూ, దానివల్ల ఏదో ఒక పని ఆగిపోతోందని కూడా చెబుతుంది. అందుకే దాని వెనక చాలాసార్లు ఇంకో ముక్క వస్తుంది. 'టూ టైర్డ్ టు ఈట్' అంటే తినే ఓపిక కూడా లేనంత అలసట. ఆ ముక్క పైకి అనకపోయినా లోపల ఉన్నట్టే.

ఇదంతా కాస్త ఉత్సాహంగానే చెప్పాను. వ్యాకరణం గురించి తల్లిదండ్రులు అడగడం అరుదు మరి. ఆవిడ శ్రద్ధగా విని, కాసేపాగి, "అయితే మావాడు మరీ అనే రాశాడేమో మేడమ్. రాత్రి కంచం ముందు కూర్చునే నిద్రపోతున్నాడు. నేనే లేపి లేపి ముద్దలు పెడుతున్నాను" అన్నారు.

ఏం చెప్పాలో తోచలేదు నాకు. పిల్లవాడి వాక్యం సరిగ్గానే ఉంది. దాన్ని తప్పుగా దిద్దింది నేను.

మర్నాడు అతని నోట్‌బుక్ తీసుకుని, నా 'వెరీ' కొట్టేసి, పాత వాక్యం మళ్లీ రాసి, చివర 'టు' అని పెట్టి గీత గీసి ఇచ్చాను. ఖాళీ నింపమన్నాను. ఒక్కటి నింపితే చాలు. మూడు నింపాడు. టు ఈట్, టు టాక్, టు ప్లే. ఆ మూడోది చదివాక స్టాఫ్ రూమ్‌లో చాలాసేపు మిగతా నోట్‌బుక్కులు ముట్టుకోలేకపోయాను. పన్నెండేళ్ల పిల్లవాడండీ.

అసలు ఇక్కడ మన పిల్లలకు ఇబ్బంది ఎందుకొస్తుందో ఆలోచించాను. తెలుగులో అలసట చెప్పడానికి ముందు ఏ మాటా తగిలించక్కర్లేదు. నీరసంగా ఉంది, ఓపిక లేదు, కాళ్లు లాగుతున్నాయి, ఒంట్లో సత్తువ లేదు, ఒళ్లు హూనమైంది. ఎంత అలసటో, ఒంట్లో ఎక్కడో, అన్నీ ఆ మాటలోనే ఉంటాయి. మా అమ్మ మిరపకాయలు కోసి సాయంత్రం ఇంటికొచ్చి 'ఒళ్లు హూనమైందే' అనేది. దానికి ముందు 'చాలా' అని ఎప్పుడూ అనలేదు, అవసరం పడలేదు. అదే పిల్లవాడు ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఇవన్నీ 'టైర్డ్' అనే ఒక్క డబ్బాలో పోయాలి. కొలత కోసం ముందు ఇంకో మాట వెతుక్కోవాలి. 'బాగా అలసిపోయాను' అనుకుని 'వెల్ టైర్డ్' అని రాసినవాళ్లూ ఉన్నారు. మా తరం వాళ్లం 'వెరీ మచ్ టైర్డ్' అని లీవ్ లెటర్లే రాశాం. ఇంగ్లిష్‌లో 'వెరీ టైర్డ్' అంటే చాలు, మధ్యలో మచ్ అక్కర్లేదు.

కొలతలు ఇలా పెరుగుతాయి. కొద్దిగా అయితే 'ఎ బిట్ టైర్డ్'. ఇంకాస్త ఎక్కువైతే 'వెరీ టైర్డ్', ఆపైన 'ఎక్స్‌ట్రీమ్లీ టైర్డ్'. 'క్వైట్ టైర్డ్' దగ్గర కొంచెం జాగ్రత్త. బ్రిటన్‌లో అది సాధారణంగా ఓ మోస్తరు అలసట, అమెరికాలో చాలా అలసట. మీ బంధువుల్లో రెండు దేశాల వాళ్లూ ఉంటే ఫోన్‌లో వినే ఉంటారు.

ఆ తర్వాత 'ఎగ్జాస్టెడ్' ఉంది. ఇది నాకు ఇష్టమైన మాట. లాటిన్‌లో నీళ్లు తోడి బయటికి పోయడమనే అర్థం నుంచి వచ్చింది. మీ వంటింట్లో గాలిని బయటికి తోడేసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పేరు కూడా అక్కడిదే. అంటే ఎగ్జాస్టెడ్ అయిన మనిషి అడుగు వరకూ తోడేసిన బావి. తోడేశాక ఇక చాలా తోడడం, కొద్దిగా తోడడం ఏముంటుంది? అందుకే 'వెరీ ఎగ్జాస్టెడ్' వినడానికి అంత బాగుండదు. 'అబ్సల్యూట్లీ ఎగ్జాస్టెడ్', 'కంప్లీట్లీ ఎగ్జాస్టెడ్' అంటారు. పూర్తిగా అని. ఏది వాడాలో సందేహమొస్తే పిల్లలకు నేను చెప్పే దారి 'రియల్లీ'. అది టైర్డ్ ముందూ నప్పుతుంది, ఎగ్జాస్టెడ్ ముందూ నప్పుతుంది. ఇంకో సంగతి తెలుసా, 'వెరీ' కూడా ఒకప్పుడు నిజమనే అర్థమున్న పాత ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిందే.

మాటల్లో మాట, 'టైర్డ్ ఆఫ్' వేరు. 'టైర్డ్ ఆఫ్ మ్యాథ్స్' అంటే లెక్కలు చేసి అలసిపోయానని కాదు, లెక్కలంటేనే విసుగొచ్చిందని. మీ పిల్లలు అలా అంటే నిద్రపుచ్చితే సరిపోదు, కూర్చోబెట్టి మాట్లాడాలి.

మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికొస్తాను. వాళ్లమ్మగారూ నేనూ కూర్చుని అతని రోజు లెక్కేశాం. మా బస్సు రూట్‌లో మొదటి స్టాప్ వాళ్లదే, కాబట్టి 5:15కి లేవాలి. స్కూల్ అయ్యాక ఇంటి దగ్గర ట్యూషన్. వచ్చి హోమ్‌వర్క్ ముగించి పడుకునేసరికి 11. అంటే ఆరుంపావు గంటల నిద్ర. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చేసిన సిఫారసు ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఆ లెక్క కాగితం మీద చూశాక ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. అందులో నా హోమ్‌వర్క్ కూడా ఉంది మరి.

బస్సు టైమ్ మారలేదు, ఎవరో ఒకరిది మొదటి స్టాప్ కావాలి కదా. ట్యూషన్ మాత్రం వాళ్లు మాన్పించారు. నాన్నగారికి మొదట ఇష్టం లేదట, యూనిట్ టెస్ట్ వరకు చూద్దామన్నారట. నేను ఏడో తరగతి మొత్తానికి రాత ఇంటిపని వారానికి రెండు రోజులకు తగ్గించాను. ఇప్పుడు అతను తొమ్మిదిన్నరకల్లా పడుకుంటున్నాడు. ఇంకా గంటకు పైగా తక్కువే. మార్కులు పెరిగాయని చెప్పలేను, దాదాపు అక్కడే ఉన్నాయి. తరగతిలో మాత్రం పక్కవాడితో కబుర్లు చెబుతున్నాడని రెండుసార్లు కోప్పడాల్సి వచ్చింది. కోప్పడుతూనే లోపల సంతోషపడ్డాను.

మీ పిల్లలు ఇంటికొచ్చి బ్యాగు పడేసి 'ఐ యామ్ టూ టైర్డ్' అంటే, నాలా ముందు వ్యాకరణం దిద్దకండి. 'టు డూ వాట్?' అని అడగండి. ఇంగ్లిష్‌లో అక్కర్లేదు, 'ఏం చేయలేనంత నాన్నా?' అన్నా చాలు. 'ఏమో, ఊరికే అన్నాను' అంటే వెరీ అని చెప్పి పంపండి. ఏదైనా జవాబొస్తే వినండి, వీలైతే నాకూ డైరీలో ఒక్క ముక్క రాసి పంపండి.

పోయిన వారం ఆ అబ్బాయి డైరీలో ఆదివారం గురించి రాశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్రికెట్ ఆడాడట. చివర 'ఐ యామ్ వెరీ ఎగ్జాస్టెడ్' అని ఉంది. పిలిచి, అంత అలసిపోయావా అని అడిగాను. అవును మేడమ్, మూడు మ్యాచ్‌లు, రెండు గెలిచాం అన్నాడు. అప్పుడు ఎర్ర పెన్ను తీసి, వెరీ కొట్టేసి, అబ్సల్యూట్లీ అని రాశాను.