మలావీ పెరట్లో మన గోంగూర!

వానాకాలంలో ఆకు రాల్చే చెట్టు! విన్నారా ఎప్పుడైనా?

తొలకరికి చుట్టూ అన్నీ చిగురిస్తుంటే ఇది మాత్రం వానలు మొదలవగానే ఆకంతా దులిపేసి మోడై నిలబడుతుంది. చేలో మొక్కజొన్న మొలకలకు ఎండ కావలసిన రోజులవి. పైన నీడ అడ్డుండదు! రాలిన ఆకు ఎరువైపోతుంది! వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి అందిస్తాయి! తీరా వానలు వెళ్ళి నేల నెర్రెలిచ్చే నెలల్లో ఇది పచ్చగా కళకళలాడుతుంది. పశువులకు నీడ, మేతకు కాయలు! ఆఫ్రికాలోని మలావీ రైతులు దీన్ని మ్సాంగు అంటారు. శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో ఫైడెర్బియా ఆల్బిడా. దీని కింద వేసిన మొక్కజొన్న పక్క చేనికన్నా ఏపుగా వస్తుందని పరిశోధకులు మళ్ళీ మళ్ళీ కొలిచి తేల్చారు.

ఈ చెట్టు గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజం!

అసలు మలావీ సంగతే నాకు తెలియదు. పటంలో వేలు పెట్టి చూపించమంటే తడుముకునేదాన్ని. ఇప్పుడు చెప్పగలను: ఆఫ్రికా ఆగ్నేయంలో, సముద్రం తగలని సన్నటి పొడవాటి దేశం. తూర్పు అంచున సముద్రమంత సరస్సు. రాజధాని లిలోంగ్వే. ఎక్కువమంది మాట్లాడే భాష చిచేవా. ఊళ్ళలో ఎక్కువ కుటుంబాలకు రెండెకరాలు కూడా ఉండవు.

ఆ కాస్త నేలలో ఏం వేస్తారు? మొక్కజొన్న! ఎక్కడ చూసినా మొక్కజొన్న! దాని పిండిని ఉడికించి గట్టిగా కెలికి ముద్దలు చేస్తారు. పేరు న్సిమా. చేత్తో తుంచి కూరలో అద్దుకుని తింటారు. చూస్తే అచ్చం మన రాయలసీమ సంకటే, కాకపోతే తెల్లగా మెరుస్తూ ఉంటుంది. ఆ తెలుపు కోసం గింజ పైపొట్టంతా దంచి తీసేస్తారు, నానబెడతారు, ఆరబెడతారు. పొట్టుతో పాటు విటమిన్లూ పోతాయి. ఆ దేశంలో మనిషి తినే కేలరీల్లో సగానికి పైగా ఈ ఒక్క గింజ నుంచే వస్తున్నాయి. 2015-16 ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 37 మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని తేలింది. కడుపు నిండుతోంది, ఒంటికి పట్టడం లేదు! ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఏప్రిల్, మే నెలల్లో పంట ఇంటికొస్తుంది. డిసెంబరు వచ్చేసరికి గాదెలు అడుగంటుతాయి. చేలన్నీ పచ్చగా, వానలు జోరుగా ఉన్న జనవరి, ఫిబ్రవరుల్లోనే ఇళ్ళలో పస్తులు! పైరు చేలో నిలబడే ఉంటుంది కానీ కంకి ఇంకా ముదరలేదు. ఆ నెలల్నే ఆకలి కాలం అంటారు.

ఇక్కడే నా కళ్ళు పెద్దవయ్యాయి. మొక్కజొన్న ఆఫ్రికా పంటే కాదట! మెక్సికో వైపు గింజ. 1500 తర్వాత పోర్చుగీసు ఓడలతో ఆఫ్రికా చేరింది. మలావీ కంచాన్ని పూర్తిగా ఆక్రమించింది ఇరవయ్యో శతాబ్దంలోనే. అంతకుముందు వాళ్ళు తిన్నది జొన్న, రాగి, సజ్జ! వాటితో పాటు నేలలో కాసే న్జామా అనే గుండ్రటి గింజలు, అలసందలు, దుంపలు, అడవి పళ్ళు, లెక్కలేనన్ని ఆకుకూరలు!

ఆ జాబితా చూసి నేను కుర్చీలోంచి లేచిపోయాను. బొనోంగ్వే అంటే మన తోటకూర! లూని అంటే మన వామింట, చేలగట్ల మీద తనంత తాను మొలిచే ఆ ఘాటైన ఆకు! మ్ఖ్వాని అంటే గుమ్మడి ఆకు! కోబ్వే మన అలసంద, మావేరే మన రాగి, నాండోలో మన కంది! బెండ ఉంది, చింత ఉంది, మునగ ఉంది, గోంగూర ఉంది! తోటకూరలో దంచిన పల్లీపొడి వేసి చిక్కగా వండుతారు. ఆ పొడిని న్సింజిరో అంటారు. తలచుకుంటేనే నోరూరుతోంది నాకు.

ఇంకో ముచ్చట! రాగి, జొన్న, సజ్జ, అలసంద, గోంగూర, చింత... వీటి పుట్టినిల్లు ఆఫ్రికానే! చాలావరకు వేల ఏళ్ళ క్రితమే అక్కడి నుంచి మనకొచ్చాయి. మన వైపు నుంచి కంది అటు వెళ్ళింది. ఇప్పుడు మళ్ళీ తిరిగొస్తోంది కూడా! మలావీ నుంచి ఏటా 50,000 టన్నుల కందులు కొనుక్కునేలా 2021లో మన దేశం ఒప్పందం చేసుకుంది. మీ ఇంట్లో నిన్న కాగిన పప్పుచారులో మలావీ గింజ లేదని ఎవరు చెప్పగలరు?

మరి ఇంత తిండి ఉండగా ఆకలి కాలం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్ననే పట్టుకున్నారు క్రిస్టాఫ్ నార్డిన్, స్టేసియా నార్డిన్ అనే భార్యాభర్తలు. 1997లో పీస్ కోర్ అనే అమెరికా స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున హెచ్‌ఐవీ నివారణ పనికని మలావీ వచ్చారు. స్టేసియా పోషకాహార నిపుణురాలు. చుట్టూ చూస్తే జబ్బుకు ముందు తిండే బలహీనంగా ఉంది. లిలోంగ్వే పక్కన చిటెడ్జేలో కాపురం పెట్టి, ఇంటి చుట్టూ ఉన్న కాస్త నేలలోనే రెండు వందలకు పైగా తినే రకాలు పెంచారు. రెండు వందలు! ఏడాదిలో ఏ నెల వెళ్ళినా తెంపుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. దానికి నెవర్ ఎండింగ్ ఫుడ్ అని పేరు పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తూ నేర్పుతూ వచ్చారు.

వాళ్ళు నేర్పేదాని పేరు పర్మాకల్చర్. ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ 1978లో తెచ్చిన పుస్తకంతో లోకానికి తెలిసింది. ఈ మాట నేను ఎన్నోసార్లు విని, ఏదో ఫ్యాషన్ తోటపని అనుకుని ఊరుకున్నాను. కానే కాదు! నీరు ఎటు పోతోంది, ఎండ ఎక్కడ పడుతోంది, ఇంటావిడ రోజుకు ఎన్నిసార్లు ఏ దారిన నడుస్తోంది... ఇవన్నీ చూసుకుని ఏ మొక్క ఎక్కడుండాలో నిర్ణయించడం! రోజూ కోసే కూర వంటింటి గుమ్మం పక్కన. వారానికోసారి చూసేది కొంచెం దూరంగా. ఏడాదికోసారి కాసే చెట్టు పొలిమేరన. ఎంత సులువు! ఎంత తెలివి!

స్నానాల గది నీళ్ళు వృథాగా పారే చోట గొయ్యి తీసి చుట్టూ అరటి, బొప్పాయి పెడతారు. మన ఊళ్ళలో నూతి గట్టు పక్కన అరటి పిలకలు నాటిన అమ్మమ్మలు ఈ పాఠం ఏ పుస్తకంలోనూ చదవలేదు మరి!

ఊడ్చే సంగతి వింటే మీరూ ఉలిక్కిపడతారు. మలావీ పల్లెల్లో ఇంటి చుట్టూ నేలను ఎర్రగా, నున్నగా, ఆకు ముక్క లేకుండా ఊడుస్తారు. శుభ్రత అంటే అదే. మనకూ అంతేగా? కానీ రోజూ ఊడ్చిన నేల రాయిలా గట్టిపడుతుంది. వాన పడితే ఇంకదు, పైమట్టిని లాక్కుని పోతుంది. రాలిన ఆకు నేలకు దుప్పటి. నడిచే చోట ఊడ్చుకోండి, మిగతా చోట ఆకును పాదుల్లోకి తోయండి అంటారు వీళ్ళు. మన ప్రకృతి వ్యవసాయం రైతులు ఆచ్ఛాదన అంటారే, అదే! కొన్నాళ్ళకు ఆ ఆకు కింద వేలు పెడితే మట్టి నల్లగా, మెత్తగా, చల్లగా తగులుతుందట, వానపాములు కదులుతాయట. ఫొటోలోనే వాసన వస్తున్నట్టు అనిపించింది నాకు!

మూడు కర్రల సంగతి చెప్పకుండా ఉండలేను. రెండు కర్రల పైకొసలు కలిపి కట్టి, మధ్యలో మూడోది అడ్డంగా కట్టి, పైనుంచి తాడుకు ఒక రాయి వేలాడదీస్తారు. అంతే! రెండు కాళ్ళూ ఒకే ఎత్తు నేలపై ఉంటే రాయి తాడు అడ్డకర్ర నడిమి గుర్తు దగ్గర ఆగుతుంది. ఆ కర్రల్ని కాలు మార్చి కాలు వేయిస్తూ చేనంతా నడిపిస్తే కొండవాలు మీద ఒకే ఎత్తులో సాగే గీత దొరుకుతుంది. ఆ గీత వెంబడి కందకం తవ్వి, కిందివైపు గట్టు వేసి, గట్టు మీద వట్టివేరు నాటుతారు. పరుగెత్తే వాన నీరు అక్కడ ఆగి, మెల్లగా నేలలోకి దిగుతుంది. ఇంజనీరు లేడు, మెషిన్ లేదు, పైసా ఖర్చు లేదు!

ఇలాంటి పని చేస్తే ఏమవుతుంది? జింబాబ్వేలో చిమానిమని కొండల దగ్గర చికుక్వా అనే ప్రాంతం ఉంది. ఆరు ఊళ్ళు. కొండలు బోడులైపోయి ఊటలు ఎండిపోయాయి. 1991 నుంచి ఊరివాళ్ళే కలిసి కొండ నెత్తిన చెట్లు నాటారు, వాలంతా కందకాలు తవ్వారు, ఊట కళ్ళ దగ్గరికి పశువులు పోకుండా కాపలా పెట్టుకున్నారు. ఊటలు తిరిగొచ్చాయి! ఎండిన ఊట మళ్ళీ పారడం! ఇది చదివి గట్టిగా అరిచాను, ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

అదే దేశంలో జ్విషవానే దగ్గర జెఫనియా ఫిరి మసెకో అనే రైతు ఉండేవారు. వానలు తక్కువ పడే చోటు. ఇంటి వెనక పెద్ద బండరాతి గుట్ట. వాన పడగానే దాని మీంచి దూకే నీటిని చిన్న చిన్న రాతి కట్టలతో నెమ్మదింపజేసి, గుంటల్లో ఇంకించి, దిగువన తోటలు పెంచి, చేపల చెరువు కూడా పెట్టుకున్నారు. 2015లో పోయేవరకు వచ్చినవాళ్ళకు చూపిస్తూనే ఉన్నారు. ఆయన గురించే ఒక సంచిక వేయొచ్చు!

సరే, మళ్ళీ మలావీకి. ఉత్తరాన ఎక్వెండేని అనే చోట ఇంకో కథ. అక్కడి ఆసుపత్రికి బక్కచిక్కిన పిల్లలు మళ్ళీ మళ్ళీ రావడం చూసి ఎస్తర్ లుపాఫ్యా అనే నర్సు ఊరుకోలేదు. 2000లో పరిశోధకులతో, రైతులతో కలిసి ఒక పని మొదలుపెట్టారు. దాన్ని వాళ్ళు పర్మాకల్చర్ అనరు, పని మాత్రం దానికి తోబుట్టువు. ఒకే చేలో వేరుశెనగ, కంది కలిపి వేయించారు. కంది మొదట్లో మెల్లగా ఎదుగుతుంది, ఆలోగా వేరుశెనగ పండి ఇంటికొస్తుంది, తర్వాత కంది పైకి లేస్తుంది. రెండూ నేలకు నత్రజని ఇచ్చేవే! ఆ ఆకు, కట్టె మట్టిలో కలిపి మరుసటేడు మొక్కజొన్న వేస్తారు. అనంతపురం వేరుశెనగ చేలో కంది సాళ్ళు చూసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది!

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది వంటల పండగ. ఊరంతా ఒకచోట చేరి కొత్త పప్పులతో రకరకాలు వండుతారు, మగవాళ్ళు కూడా గరిటె పట్టాలి! గింజ పండినంత మాత్రాన బిడ్డ నోట్లోకి చేరదు కదా. ఎవరు అమ్ముతున్నారు, ఎవరు వండుతున్నారు, బిడ్డకు ఎవరు తినిపిస్తున్నారు అన్న దాకా వెళ్ళారు వీళ్ళు. ఎక్కువ కాలం ఇందులో ఉన్న ఊళ్ళలో పిల్లల బరువు మెరుగుపడిందని పరిశోధకులు నమోదు చేశారు. పిల్లల బరువు! ఇంతకన్నా ఏం కావాలి?

ఇది చిటికెలో అయ్యే పని కాదు. కందకాలు తవ్వడం ఒళ్ళు హూనం చేసే పని. మొదటి ఏళ్ళలో ఇరుగుపొరుగు, ఆకు ఊడ్వని ఇంటిని చూసి పెదవి విరుస్తారు. అయినా నేర్పేవాళ్ళు ఇప్పుడు మలావీలోనే పుట్టి పెరిగినవాళ్ళు. మ్చింజిలో లువాయో బిస్విక్ అనే ఆయన పర్మాకల్చర్ ప్యారడైజ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నారు. లిలోంగ్వేలో కుసమాల సంస్థ ఉంది. వాళ్ళ వీడియోలు చూస్తుంటే ఎర్రమట్టి మధ్య ఆ పచ్చదనం, ఆ గుబురు, ఆ పళ్ళ రంగులు... మీరూ చూడండి! దయచేసి చూడండి!

స్టేసియా నార్డిన్ రాసిన సస్టైనబుల్ న్యూట్రిషన్ మాన్యువల్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. బొమ్మలతో ఉంటుంది, ఇంగ్లీషు అంతగా రాకపోయినా బొమ్మలు చూసి పోల్చుకోవచ్చు. దగ్గర్లో చూడాలంటే మన జహీరాబాద్ వైపు అరణ్య సంస్థ వాళ్ళ పొలం ఉంది. 2017లో ప్రపంచ పర్మాకల్చర్ సమ్మేళనం హైదరాబాదులోనూ, బిడకన్నెలోని ఆ పొలంలోనూ జరిగింది. మన ఇంటి ముందు అంత పెద్ద పండగ జరిగిందని నాకు ఇప్పుడే తెలిసింది!

ఒక్క సాయం అడగాలి. మలావీలో లూని ఆకును ఉడికించి, ఎండబెట్టి, కూర దొరకని నెలలకు దాచుకుంటారు. మ్ఫుట్సో అంటారు దాన్ని. మీ ఊళ్ళో వామింట కూర వండే పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా? ఆకు చేదు ఎలా తీస్తారు, పప్పులో వేస్తారా, వేపుడు చేస్తారా, ఎండబెట్టడం మనకూ ఉందా? వాళ్ళని అడిగి రాయండి, ఎదురుచూస్తుంటాను!