పొద్దు పొడవని ఊళ్లో నా బిడ్డ

మాది కరీంనగర్. నౌకరీ మాత్రం ఎక్కువ ఏండ్లు ఉట్నూరులో చేసిన. ఆదిలాబాద్ సలి ఎట్లుంటదో అక్కడున్నోళ్లకే తెలుసు. నా బిడ్డ సలిమంట కాడ కూసోనే ఎక్కాలు నేర్చింది.

ఇప్పుడామె నార్వేలోని ట్రోమ్సోలో చదువుతోంది. నవంబర్ ఆఖరు నుంచి జనవరి మధ్యదాకా అక్కడ పొద్దే పొడవదు. పోయిన మొదటి ఏడాది, డిసెంబర్‌లో ఓ రాత్రి వీడియో పంపింది. ఆకాశమంతా పచ్చటి వెలుగు, ఆరేసిన చీరలా ఊగుతోంది. వాళ్లమ్మకు భయమేసింది. "అది మీద పడితే ఏం గాదా బిడ్డా?"

"కిందిదాకా రాదమ్మా" అని నవ్వి, విడమరిచి చెప్పింది.

సూర్యుడి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లను భూమి అయస్కాంత శక్తి ధ్రువాల వైపు మళ్లిస్తుందట. అవి పైగాలిని ఢీకొంటే వెలుగు పుడుతుంది. ఆ దెబ్బకే నైట్రోజన్ అణువులు విరిగి నైట్రిక్ ఆక్సైడ్ కూడా తయారవుతుంది. ఎండ ఉంటే అది తొందరగా నశిస్తుంది. చలికాలపు ధ్రువంలో ఎండ ఎక్కడిది? వారాల తరబడి మిగిలిపోయి, 80 కిలోమీటర్ల ఎత్తు నుంచి మెల్లగా కిందికి దిగి, ఓజోన్‌ను కొరుక్కు తింటుంది. 2003 అక్టోబర్ చివర్లో పెద్ద సౌర తుఫాన్లు వచ్చాయి. 2004 మొదట్లో ఉత్తర ధ్రువం మీద, 40 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో ఓజోన్ 60 శాతం దాకా తగ్గింది.

"అయితే ఓజోన్ పొర పోయినట్టేనా?" అన్నాను.

"కాదు బాపూ. ఎక్కువ ఓజోన్ ఇంకా కిందనే ఉంటది. అంటార్కిటికా మీది రంధ్రం వేరు, అది మనుషులు వాడిన సీఎఫ్‌సీలతోని అయింది."

ఫోన్ పెట్టేసినా నిద్ర పట్టలేదు. పైన ఎప్పుడో జరిగింది, చీకట్లో ఎవరికీ కనబడకుండా కిందికి దిగుతుందన్న మాట మనసులోంచి పోలేదు. రెండు నెలలుగా ఏమడిగినా "బాగనే ఉన్న" అనే అంటోంది బిడ్డ.

మర్నాడు "తిన్నవా?" అని అడగలేదు. "మేం గాక ఇంకో మనిషితోని మాట్లాడి ఎన్ని రోజులైంది బిడ్డా?" అన్నాను.

చాలాసేపు మాట రాలేదు. "పదకొండు రోజులు బాపూ. సెలవులకు అందరూ ఇండ్లకు పోయిండ్రు" అని ఏడ్చేసింది.

ఆ రోజు నుంచి పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసినం. వాళ్లమ్మ వంట చేస్తూ ఫోన్ పక్కన పెట్టుకునేది. మాటలు లేకున్నా కుక్కర్ కూతలు ఆమెకు వినబడేవి.

జనవరిలో ఓ ఫొటో వచ్చింది. కొండ అంచు మీద గోరంత పొద్దు. వాళ్లమ్మ ఆ ఫోన్‌నే కండ్లకు అద్దుకుంది.