పెదనాన్నగారి స్విమ్మింగ్ పూల్

హీరోయిన్ స్విమ్మింగ్ పూల్‌లో దూకగానే ఈలలేసే మిత్రులారా! ఆ పూల్ గోడ సంగతి ఎప్పుడైనా ఆలోచించారా?

మద్రాసులో మా పెదనాన్నగారి పెరట్లో ఒకటుంది. 1980లలో షూటింగులకి అద్దెకిచ్చేవారు. తెలుగు సినిమా హైదరాబాదు చేరాక ఎండి, బీటలువారింది. "మట్టిపోసి పూడ్చేయండి" అని సలహా ఇచ్చిన బుద్ధిమంతుణ్ణి నేనే!

నెల్లూరు మేస్త్రీ దిగి, సుత్తితో గోడంతా తట్టి చూశాడు. అక్కడక్కడా డొల్లమోత. "ఎముక గట్టిదేనండీ, పోయింది తోలే" అన్నాడు. డొల్ల ప్లాస్టరు చెక్కేసి, పగుళ్ళు పూడ్చి, తెల్లసిమెంటులో పాలరాతిపొడి కలిపి కొత్తపూత పూశాడు.

"నింపేటప్పుడు నీళ్ళాపితే గోడమీద గీత పడుద్ది" అన్నాడు. అంతే! రెండు రాత్రులూ పైపు దగ్గర కుర్చీ వేసుకుని పెదనాన్నగారే కాపలా.

నిండిన నీళ్ళలో చెయ్యిపెట్టి, "ఇక్కణ్ణించేరా హీరోయిన్ దూకింది" అన్నారాయన.

నా సలహా గుర్తొచ్చి తలొంచుకున్నాను.