కాలువగట్టు దారి



అమలాపురం నుండి రాజోలు వైపు వెళ్లేవారు బోడసకుర్రు వద్ద వైనతేయ నదిపై వంతెన దాటితే మామిడికుదురు మండలంలోని పాశర్లపూడి చేరుతారు. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఇది. దారి దగ్గరైనది, బండ్ల వేగమూ పెరిగినది.

ఈ ప్రాంతంలో మేము తిరిగిన ఊరి దారులు అనేకం కాలువగట్లే. ఒక ప్రక్క నీరు, మరొక ప్రక్క కొబ్బరితోట. లారీ వస్తే నడిచేవారు గట్టు అంచుకు జరగాలి. సైకిలుపై కొబ్బరికాయల బస్తా వేసుకొన్నవాడు ఎక్కడికి జరగగలడు?

బండి వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక అది సాగే దూరం నాలుగు రెట్లవుతుంది. మనిషి పొరబడినా ప్రాణం పోని విధంగా రోడ్లు ఉండాలన్న విధానాన్ని 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించింది. ఇది మనకు క్రొత్త మాట కాదు. క్రొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టించుమని ద్వితీయోపదేశకాండము 22:8 ఆజ్ఞాపిస్తున్నది. పడినవాని అజాగ్రత్త అని యజమాని తప్పించుకొనే వీలు అక్కడ లేదు.

కాబట్టి కాలువ మలుపులో రక్షణగోడ, బడి ముందు వేగనిరోధకం, నడిచేందుకు చదునైన అంచు కావాలని గ్రామసభలో అడుగుదము. అంతవరకు కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడిప్రక్క నడవండి. సైకిలు ఎడమప్రక్కనే నడపండి. చీకటివేళ చేతిలో టార్చిలైటు ఉంచుకోండి.