రూలో అనే డాగ్ రివర్!

సినిమాల్లోకొచ్చి పేరు మార్చుకున్న తారల సంగతి మనకి కొత్తేమీ కాదు. మరి, పేరు మార్చుకున్న ఊరి సంగతి విన్నారా?

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రం. కనుచూపు మేర బల్లపరుపు నేల, గోధుమ చేలు. రాజధాని రెజైనాలో కారెక్కితే గంటలోపే రూలో వస్తుంది. జనాభా ఐదొందల చిల్లర. 2004లో ఈ ఊరికి వేషం దొరికింది! 'కార్నర్ గ్యాస్' అనే టీవీ హాస్య సీరియల్లో 'డాగ్ రివర్' అనే ఊరిగా నటించింది. ఇండోర్ రెజైనా స్టూడియోలో, ఔట్‌డోర్ రూలోలో. హీరో బ్రెంట్ బట్ ఆ రాష్ట్రంలోని టిస్‌డేల్ వాడే. సీరియల్‌కి సృష్టికర్తా ఆయనే. ఫైట్లు లేవు, విలన్ లేడు. ఓ పెట్రోలు బంకు, పక్కనే కాఫీ హోటలు, పనీపాటా లేని కబుర్లు... అంతే! 2009 దాకా 107 ఎపిసోడ్లు నడిచింది. 2014లో సినిమాగానూ వచ్చింది.

బంకు ఉత్త సెట్టింగు. ఊళ్ళో ఎత్తుగా నిలబడ్డ చెక్క ఎలివేటరు మాత్రం అసలుది. ఎలివేటరంటే లిఫ్టు కాదండోయ్, ధాన్యం గిడ్డంగి! రైతు తెచ్చిన గోధుమల్ని గోతిలో పోస్తే, బెల్టుకి బిగించిన చిన్నచిన్న తొట్లు పైకి తోడి గదుల్లో నింపుతాయి. అక్కణ్ణించి గొట్టంగుండా రైలు పెట్టెలోకి జారతాయి. గోడమీద ఊరి పేరుంటుంది. గాలిగోపురం కనిపిస్తే ఊరొచ్చిందని మనం అనుకున్నట్టే, అక్కడివాళ్ళకి ఎలివేటరు. రూలో ఎలివేటరు మీద మాత్రం 'డాగ్ రివర్' అన్న పేరు వెలిసింది!

1930ల్లో కెనడా మైదానాల్లో ఇలాంటివి 5,700కి పైగా ఉండేవి. తర్వాత పెద్ద లారీలొచ్చాయి, చిన్న రైలు మార్గాలు మూతపడ్డాయి, కాంక్రీటు గిడ్డంగులు లేచాయి. చెక్కవి ఒక్కొక్కటే నేలకూలాయి.

రూలోలో ముందు పోయింది సెట్టు. పాతబడ్డ బంకుని 2016లో కూల్చేశారు. సెట్టేగా, కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చు. కాని 2021 నవంబరులో ఎలివేటరు తగలబడిపోయింది. వేషంతోపాటు మనిషీ పోయినట్టయింది!

అలాగని అన్నీ పోలేదు. పక్క రాష్ట్రం మనిటోబాలో ఇంగ్లిస్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఐదు చెక్క ఎలివేటర్లు వరసగా, ఠీవిగా నిలబడి ఉన్నాయి. వాటిని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుకుంటున్నారు. వాటికే సీరియలూ అక్కర్లేకపోయింది.

కెమేరా ఊరిని పదిమందికీ చూపిస్తుంది. ప్యాకప్ చెప్పాక నిలబెట్టుకోవలసింది మాత్రం ఊరివాళ్ళే!